ధ్వనిముద్రణలో బింబ ప్రతిబింబాలు

ధ్వనిముద్రణ నేర్చుకొనే విద్యార్థికి మొదట వినిపించే ఆదేశం, ఉన్న శబ్దాన్ని ఉన్నట్టుగా పట్టుకోవాలన్నది. మైకును ఎంచుకోవడం, దాన్ని నిలిపే చోటు నిర్ణయించడం, వేర్వేరుగా పట్టిన ధ్వనులను ఒక్క పాటగా కూర్చే మిక్సింగు పని, ఇవన్నీ ఆ ఒక్క ఆదేశాన్ని నెరవేర్చే సాధనాలుగానే పాఠంలోకి వస్తాయి. అయితే ‘ఉన్న శబ్దం’ ఏది, అది ఎక్కడ ఉన్నది, ఎవరికి ఉన్నది అని అడిగిన క్షణంలోనే ఆ పాఠం యంత్రవిద్య పొలిమేర దాటి, మీమాంసకులూ నైయాయికులూ వేదాంతులూ శతాబ్దాలుగా తర్కించిన శబ్దవిచారంలోకి ప్రవేశిస్తుంది. ఆ ప్రశ్నను పట్టించుకోకుండా మైకు ఎంచుకోవడం సాధ్యమే, చాలామంది అట్లాగే ఎంచుకొంటారు కూడా. కాని పట్టించుకోనివారు సైతం ఏదో ఒక సమాధానాన్ని చేతులతో ఆచరిస్తూనే ఉంటారు గనుక, ఆ సమాధానం నిలిచేదా కాదా అన్న విచారం విద్యార్థి దశలోనే జరగడం మేలు.

ఈ విచారానికి కర్ణాటకలోని రాయచూరు జిల్లా యరగేర తగిన నేల. కృష్ణా తుంగభద్రల నడిమి సీమలో, రాయచూరు నుంచి మంత్రాలయం వైపు పోయే దారిలో ఉన్న ఈ ఊరు, 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగంగా ఉండి, కన్నడమూ తెలుగూ కలిసి వినిపించే సరిహద్దు ప్రాంతానికి చెందినది. దక్షిణాన తుంగభద్ర ఒడ్డున రాఘవేంద్రతీర్థులు 1671లో బృందావన ప్రవేశం చేసిన మంత్రాలయం, పడమట హరికథామృతసారం రచించిన జగన్నాథదాసుల మాన్వి, నది అవతల విజయదాసులు చివరి కాలం గడిపిన చిప్పగిరి, గద్వాల సీమలో గోపాలదాసుల ఉత్తనూరు, ఉత్తరాన జయతీర్థుల మళఖేడ, ఇవన్నీ మధ్వాచార్యుల ద్వైతవేదాంతమూ హరిదాసుల పదమూ ఒకదానికొకటి ఆసరాగా పెరిగిన చోట్లు. గుల్బర్గా విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రం వెలసి, తరువాత రాయచూరుకు ప్రత్యేకించిన విశ్వవిద్యాలయానికి నెలవైన ప్రాంగణం యరగేరలోనే ఉన్నది. అటువంటి చోట చదువుకొనే విద్యార్థి ఒకరు కంప్యూటరును, మైకుల సంకేతాన్ని అంకెలుగా మార్చి కంప్యూటరుకు అందించే ఇంటర్‌ఫేసు అనే చిన్న పెట్టెను, ఒకటి రెండు మైకులను సమకూర్చుకొని ఊరి భజనబృందాన్ని ముద్రించబూనితే, ఎదుట ఉండేది శ్రోతల కోసం సాగే కచేరీ కాక, దేవునికి నివేదనగా పాడే పాట అవుతుంది. నివేదనను ముద్రించినప్పుడు ముద్రితమయ్యేది ఏమిటన్నది మరింత చిక్కు ప్రశ్న.

ముద్రణయంత్రం లేని కాలం ఏమి నిలుపుకొన్నదో, ఏమి పోగొట్టుకొన్నదో చూస్తే ఆ చిక్కు కొంత విడుతుంది. సంగీతశాస్త్రం పాటలోని మాటల భాగాన్ని మాతువనీ, స్వరభాగాన్ని ధాతువనీ వేరుచేసి చెబుతుంది. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద చెక్కించబడి వేల సంఖ్యలో నిలిచాయి, ప్రతి కీర్తన మీదా రాగం పేరు కూడా ఉన్నది; కాని ఆయన వాటిని ఏ వరుసలో పాడారో రేకు చెప్పదు గనుక, 20వ శతాబ్దిలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు కొత్తగా స్వరపరచవలసి వచ్చింది. దాసుల పదాలదీ ఇదే కథ: పదం ఒకటే, పాడే వరుస ఊరికొకటి. 1580 నుంచి 1627 వరకు బిజాపూరును పాలించిన రెండవ ఇబ్రహీం ఆదిల్‌షా, రాయచూరు కోట కూడా తన ఏలుబడిలో ఉన్న రోజుల్లో, కితాబ్-ఎ-నౌరస్ అనే గేయసంపుటిని రచించి పాటలను రాగాల పేర్ల కింద అమర్చాడు. ఆ పాటలూ మాతువుగానే మిగిలాయి. మతాలు వేరు, భాషలు వేరు, ఆస్థానాలు వేరు అయినా నష్టం మాత్రం ఒక్క తీరుగా జరిగింది.

ఈ నష్టం యాదృచ్ఛికం అనుకోరాదు, దాని వెనుక ఒక తాత్త్విక నిర్ణయం కూడా ఉన్నది. పూర్వమీమాంస, అంటే వేదవాక్యాల అర్థనిర్ణయానికి పూనుకొన్న దర్శనం, శబ్దం నిత్యమని వాదిస్తుంది. ఉచ్చరించినవాడు ‘గ’కారాన్ని పుట్టించడు, ఎప్పుడూ ఉన్న ‘గ’కారాన్ని తన గాలి కదలికతో వెల్లడి చేస్తాడు అన్నది దాని సిద్ధాంతం. వెల్లడి అయ్యేది వర్ణం. వెల్లడి చేసేది ధ్వని. హెచ్చు స్థాయి, తగ్గు స్థాయి, గొంతు బొంగురుతనం, సాగదీత, ఇవన్నీ ధ్వనికి చెందిన ధర్మాలే గాని వర్ణానికి చెందినవి కావని మీమాంసకుడు పక్కన పెడతాడు. నిన్న విన్నదీ నేడు విన్నదీ ‘అదే గకారం’ అని గుర్తుపట్టడం, అంటే ప్రత్యభిజ్ఞ, అతనికి ప్రధాన సాక్ష్యం. ఈ దర్శనానికి మూలమైన జైమిని సూత్రాలపై భాట్ట సంప్రదాయాన్ని అనుసరించి భాట్టసంగ్రహం రచించిన రాఘవేంద్రతీర్థులు వైణికుల వంశంలో పుట్టి, స్వయంగా వీణ వాయించేవారని సంప్రదాయం చెబుతుండడం ఇక్కడ ఆసక్తి కలిగించే విషయం: ఒకే మనిషి, శాస్త్రంలో ధ్వనిని వెల్లడి చేసే సాధనంగా, వ్యంజకమాత్రంగా చూసే మతానికి వ్యాఖ్యానం రాస్తూ, వీణ మీద ఆ ధ్వనినే సాధన చేస్తుండి ఉండాలి. రాగిరేకు నిలిపినది మీమాంసకుని వర్ణాన్ని. ధ్వనిముద్రణ పట్టేది అతడు పక్కన పెట్టిన శేషాన్ని. సంగీతమంటే ఆ శేషమే అని గాయకుడు అనుకొంటాడు, ఈ ఒక్క విషయంలో గాయకుని మాటకే ఎక్కువ బరువు ఇవ్వవలసి ఉంటుంది.

న్యాయదర్శనం మరొక దారి పట్టింది. దాని ప్రకారం శబ్దం పుడుతుంది, నశిస్తుంది. తాకిడి వల్ల ఆకాశంలో పుట్టిన మొదటి శబ్దం రెండవదాన్ని, రెండవది మూడవదాన్ని పుట్టిస్తూ నీటిలో అలవెనుక అలలా సాగగా, చెవిని చేరిన కడపటి శబ్దమే వినబడుతుంది. దీనికి వీచీతరంగ న్యాయమని పేరు. కడిమిమొగ్గ అన్ని వైపులా ఒక్కసారి విచ్చుకొన్నట్టు శబ్దం నలుదిక్కులకూ పుడుతుందని చెప్పేది కదంబముకుళ న్యాయం. ఆధునిక భౌతికశాస్త్రం ఆకాశం స్థానంలో గాలిని నిలిపి, శబ్దాన్ని పీడనంలో కలిగే అలగా చెబుతున్నప్పటికీ, విద్యార్థికి కావలసిన అంశం నైయాయికుని మాటలో అప్పటికే ఉన్నది. గాయకుని పెదవుల వద్ద పుట్టిన శబ్దాన్ని ఎవ్వరూ ఎన్నడూ వినలేదు. ప్రతి చెవీ తాను ఉన్న చోటికి చేరిన శబ్దాన్నే వింటుంది, ప్రతి మైకూ ఆ పరంపరలో ఒక అంగాన్నే అందుకొంటుంది. అందుచేత ‘ఉన్నది ఉన్నట్టు’ అన్న ఆదేశంలో రెండవ మాట అయిన ‘ఉన్నట్టు’కు ముందు ‘ఎక్కడినుంచి’ అన్న మాట చేర్చవలసి ఉన్నది.

ఆ ‘ఎక్కడినుంచి’కి జవాబు మైకు. డైనమిక్ మైకులో పల్చటి పొర ఒకటి తీగచుట్టకు అతికి ఉండి, గాలి తాకిడికి ఆ చుట్ట అయస్కాంతక్షేత్రంలో కదిలి విద్యుత్తును పుట్టిస్తుంది. షూర్ సంస్థ 1966 నుంచి అమ్ముతున్న ఎస్‌ఎం58 వేదికల మీద అందరూ చూసిన ఉదాహరణ. కండెన్సరు మైకులో పొరకు తీగచుట్ట బరువు ఉండదు, ఎదురుగా ఉన్న పలకకూ పొరకూ మధ్య దూరంతోపాటు వోల్టేజి మారడమే సంకేతమవుతుంది, దానికి సాధారణంగా 48 వోల్టుల సరఫరా ఇంటర్‌ఫేసు నుంచి అందాలి. పొర తేలిక కావడం వల్ల కండెన్సరు సన్నని, చురుకైన ధ్వనులను బాగా పట్టుకొంటుంది; అది గుణం. భజనలో తాళాల మోతను, చిడతల గలగలను, పైకప్పు ఫ్యాను గాలిని, వీధిలో పోయే ట్రాక్టరును కూడా అంతే శ్రద్ధగా పట్టుకొంటుంది. అది కూడా ఆ గుణమే, కాకపోతే ముద్రించేవానికి దోషంగా తోస్తుంది. చెవి అక్కర్లేని దాన్ని వెనక్కి నెట్టి కావలసిన దాన్ని ముందుకు తెచ్చుకోగలదు, ఎందుకంటే చెవి వెనుక మనస్సు ఉన్నది. మైకు వెనుక ఏ మనస్సూ లేదు గనుక, ఎంపిక అంతా మైకు నిలపడానికి ముందే జరిగిపోవాలి.

దిక్కును బట్టి కూడా మైకులు వేరవుతాయి. అన్ని వైపులా సమానంగా వినేవి కొన్ని, ఎదుటి ధ్వనిని ఎక్కువగా, వెనుకటిని తక్కువగా వినే హృదయాకార మైకులు కొన్ని, ముందువెనుకలను సమానంగా విని పక్కలను వదిలివేసేవి కొన్ని. హృదయాకార మైకును గాయకుని నోటికి బాగా దగ్గర చేస్తే మంద్రధ్వనులు సహజంగా లేనంత నిండుగా పెరిగి, సామాన్యమైన గొంతుకు కూడా గాంభీర్యం వస్తుంది. దీన్ని సామీప్య ప్రభావం అంటారు. సర్వదిశా మైకుకు ఈ లక్షణం లేదు. దూరం రెట్టింపు అయితే, గోడల ప్రతిధ్వని లెక్కలోకి రాని బయలులో, శబ్దస్థాయి 6 డెసిబెల్లు తగ్గుతుంది. గదిలోనైతే నేరుగా వచ్చే శబ్దం తగ్గుతున్నా గోడలనుంచి తిరిగివచ్చేది దాదాపు అంతే ఉండిపోయి, పాట కంటె గది ఎక్కువగా వినబడుతుంది. కాబట్టి జానెడు దూరం, మూరెడు దూరం, బారెడు దూరం అన్నవి ఒకే పాటకు మూడు వేర్వేరు వర్ణనలు. వీటిలో ఏది అసలు పాట అన్న ప్రశ్నకు అర్థం లేదు. ఏది ఎవరి స్థానం నుంచి విన్న పాట అన్న ప్రశ్నకు అర్థం ఉన్నది.

భజనలో ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. అక్కడ ఒకరు పల్లవి ఎత్తుకొంటే పదిమంది అందుకొంటారు, హార్మోనియం గొంతులను అంటిపెట్టుకొని సాగుతుంది, తబలా వెనుకనుంచి తోస్తుంది, తాళాలు అందరినీ ఒక్క లయలో కట్టివేస్తాయి. సినిమాపాటల పద్ధతిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క మైకు దగ్గరగా పెట్టి పట్టిన ముద్రణలో ప్రతి గొంతూ స్పష్టంగా వినబడుతుంది గాని, ఆ స్పష్టత మందిరంలో కూర్చున్న ఏ మనిషికీ ఎన్నడూ అనుభవానికి రానిది. పాడేవారు ఒకరి గొంతులో ఒకరు కలిసిపోవడమే భజన లక్ష్యం కాగా, ఆ పద్ధతి కలిసినవారిని మళ్ళీ విడదీస్తుంది. పైగా ఒకే గొంతు రెండు మైకులను వేర్వేరు దూరాలలో చేరినప్పుడు వాటి కలయిక చెడుతుంది: 20 డిగ్రీల వేడిమిలో శబ్దవేగం సెకనుకు సుమారు 343 మీటర్లు గనుక, రెండు దారుల తేడా 34 సెంటీమీటర్లు అయితే ఒక మిల్లీసెకను ఆలస్యం వచ్చి, సమాన స్థాయిలో కలిపినప్పుడు 500 హెర్ట్జుల వద్దా, 1500 వద్దా, 2500 వద్దా ధ్వనులు ఒకదానినొకటి రద్దు చేసుకొంటాయి. రాయచూరు వేసవిలో గాలి 40 డిగ్రీలకు చేరితే ఆ వేగం 355 మీటర్లకు పెరుగుతుంది, లెక్క కొద్దిగా జరుగుతుంది. ఆ ఎండలో ఫ్యాను ఆపి పాడవలసిన గాయకులకు ఈ లెక్క కంటె పెద్ద కష్టమే ఉంటుందనుకోండి. మొత్తం మీద బృందానికి ఎదురుగా, వినేవాడు కూర్చొనే చోటనే, రెండు మైకుల జంటను నిలిపి, తాళాలు పట్టేవారిని వెనుక వరుసలో కూర్చోబెట్టడం భజన స్వభావానికి దగ్గరి పద్ధతి. కొత్తగా నేర్చేవారికి ఇది చప్పగా తోచడం సహజం, ఎందుకంటే ఈ పద్ధతిలో ముద్రణ తరువాత సవరించడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఏ స్థానమూ సర్వస్థానం కాదని తేలినప్పుడు రెండు తొందరపాటు నిర్ణయాలు ఎదురవుతాయి. ముద్రణ అంతా కృతకమే కాబట్టి అది పాటకు ఆభాస మాత్రమని ఒకరు, ఎట్లాగూ కృతకమే అయినప్పుడు ఏమి చేసినా ఒకటేనని మరొకరు అంటారు. ఇద్దరూ ఒకే పొరపాటుకు రెండు చివరలు. ఇక్కడ వేదాంతంలోని బింబప్రతిబింబ చర్చ ఉపకరిస్తుంది. జీవునికీ ఈశ్వరునికీ ఉన్న సంబంధాన్ని వివరించడానికి వాడిన ఈ చర్చలో, అద్వైతులలో వివరణ ప్రస్థానంవారు అద్దంలో కనిపించే ముఖం మెడమీది ముఖమేననీ, వేరుగా తోచడమే భ్రమ అనీ అన్నారు. ఆభాసవాదులు ప్రతిబింబం మిథ్య అన్నారు. మధ్వాచార్యుల మతంలో ప్రతిబింబం బింబం కంటె వేరైనది, నిజమైనది, బింబాన్ని పోలినది, బింబానికి అధీనమైనది. మొదటి మాట యంత్రాలను అమ్మేవాని ప్రకటనలో వినబడుతుంది: కళ్ళు మూసుకొంటే గాయకుడు ఎదుటే ఉన్నట్టేనని. రెండవది కచేరీకి పోయి వినడమే వినడమని భావించే రసికుని మాట. మూడవది పనిచేసేవానికి పనికివచ్చే మాట, ఎందుకంటే అది పోలికనూ అధీనతనూ రెండు వేర్వేరు పరీక్షలుగా నిలుపుతుంది. మధ్వమతం ప్రతిబింబాలలో ఉపాధి, అంటే అద్దం వంటి ఆధారం, అవసరమైనవనీ, అవసరం లేనివనీ భేదం చేసి, జీవుని రెండవ తెగలో చేర్చుతుంది. ధ్వనిముద్రణ నిస్సందేహంగా మొదటి తెగకు చెందినది. మైకూ గదీ దానికి ఉపాధులు, ఉపాధి మీది మరకలు ప్రతిబింబం మీదికి వస్తాయి. మరక ఉన్నంతమాత్రాన ముఖం లేదనరాదు.

డిజిటల్ ముద్రణ శబ్దాన్ని ముక్కలు చేసి నడుమనున్న దాన్ని పారవేస్తుందన్న అపోహ కూడా ఇక్కడనే తీర్చుకోదగినది. సెకనుకు 44,100 సార్లు కొలతలు తీసుకొనే ముద్రణలో, 22,050 హెర్ట్జులకు లోబడిన కంపనాలకు కొలతల నడుమ ఏ సమాచారమూ పోదని నమూనాల సిద్ధాంతం గణితంగా నిరూపిస్తుంది. మనిషి వినికిడి హద్దు సుమారు 20,000 హెర్ట్జులే. క్షణికవాదులైన బౌద్ధులకు దీనిలో ఆసక్తికరమైన దృష్టాంతం దొరకవచ్చు గాని, విద్యార్థి భయపడవలసినది మాత్రం ఇక్కడ లేదు.

మిక్సింగు దగ్గర సమస్య రూపు మారుతుంది. 1931లో ఇంజనీరు అలన్ బ్లుమ్‌లైన్ పేటెంటుకు దాఖలు చేసిన స్టీరియో పద్ధతిలో, ఎడమ కుడి స్పీకర్ల నుంచి ఒకే ధ్వని సమానంగా వస్తే గాయకుడు వాటి నడుమ నిలిచి పాడుతున్నట్టు వినబడుతుంది. అక్కడ స్పీకరు లేదు, గాయకుడు లేడు, గాలి మాత్రమే ఉన్నది. ముత్యపుచిప్పలో వెండి కనిపించడం శాస్త్రాలలో భ్రమకు ప్రసిద్ధమైన ఉదాహరణ. అక్కడ కనిపించిన వెండి ఎక్కడా లేనిదే అయినా ఉన్నట్టు తోచిందని ద్వైతులు చెబుతారు. నడుమ వినబడే గాయకుడూ అటువంటివాడే అనిపిస్తుంది గాని, తేడా ఒకటి ఉన్నది: చిప్పను చూసినవాడు వెండి అనుకొని చేయి చాపుతాడు, స్టీరియో వినేవాడు ఎవ్వరూ నడుమ నిలిచిన మనిషికి మంచినీళ్ళు ఇవ్వబోడు. భ్రమలో తోచడంతోపాటు నిశ్చయం కూడా ఉండాలి. అందువల్ల ఒక ధ్వనిని ఎడమకో కుడికో జరపడం, ఈక్వలైజరుతో కొన్ని కంపనాల స్థాయిని పెంచడం తగ్గించడం, కంప్రెసరుతో బిగ్గరగా ఉన్నచోట్లను అణచి మెల్లని చోట్లకు దగ్గర చేయడం, ఇవి స్వతహాగా అసత్యాలు కావు. బహిరంగ ప్రదేశంలో పట్టిన గొంతుకు గర్భగుడి ప్రతిధ్వనిని కలిపి, ఫలానా ఆలయంలో పాడినదని శీర్షిక పెట్టినప్పుడు నిశ్చయం వచ్చి చేరుతుంది, అసత్యం అక్కడ మొదలవుతుంది.

మరి పోలిక ఉన్నదో లేదో తేల్చేది ఎవరు? ద్వైతంలో జ్ఞానపు ప్రామాణ్యాన్ని గ్రహించేది సాక్షి, అంటే ఆత్మస్వరూపమే అయిన ఇంద్రియం. మనస్సు సందేహించవచ్చు, పొరబడవచ్చు, కాని సందేహాలను పరీక్షతో తొలగించిన తరువాత సాక్షి చేసే నిర్ణయం అంతిమమని జయతీర్థుల వంటి ఆచార్యులు నిరూపించారు. పరీక్ష ఎందుకో మిక్సింగు నేర్చేవానికి తొందరగానే అర్థమవుతుంది. మెల్లగా విన్నప్పుడు మంద్రధ్వనులు చెవికి ఆనవు, బిగ్గరగా వింటే నిండుగా తోస్తాయి అన్న సంగతిని 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు కొలిచి చూపారు. అందువల్ల రాత్రిపూట బిగ్గరగా పెట్టుకొని కూర్చిన పాట ఉదయం మెల్లగా వింటే పల్చగా ఉంటుంది. రెండు మిశ్రమాలను పోల్చేటప్పుడు కొంచెం బిగ్గరగా ఉన్నదే మంచిదిగా తోస్తుంది. స్థాయిలను సమానం చేసి, స్పీకర్లలోనూ హెడ్‌ఫోనులోనూ ఫోనులోనూ విని, మరునాడు మళ్ళీ వినడం విద్యార్థి చేయగల పరీక్ష. తెర మీది గీతలను చూసి నిర్ణయించేవాడు ఆ పరీక్షను యంత్రానికి అప్పగించి, నిర్ణయాన్ని తనదిగా చెప్పుకొంటున్నాడు.

అధీనత తెగే చోటు మరింత సూక్ష్మమైనది. ఒక చరణాన్ని పదిసార్లు పాడించి, ఒక్కొక్కదానిలో బాగున్న పలుకును తీసి అతికించే పద్ధతి నేడు సర్వసాధారణం. కెనడా పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ 1964 తరువాత కచేరీలు మానివేసి, ఇటువంటి అతుకు పనిని సృజనగానే సమర్థించాడు. పియానో వాదనంలో, తన వాయింపును తానే అతికించుకొనే కళాకారుని విషయంలో, ఆ సమర్థనకు బలం ఉన్నది. భజనలో మాత్రం అతికిన పాటకు బింబం ఉండదు: ఆ పాటను ఎవ్వరూ పాడలేదు, కాబట్టి ఎవ్వరూ నివేదించలేదు. పోలిక చెడకుండానే అధీనత తెగిపోయిన సందర్భమిది. 1997లో మార్కెట్లోకి వచ్చిన ఆటోట్యూన్ వంటి శ్రుతి సవరణ సాధనాల విషయంలో రెండూ చెడగల అవకాశం ఉన్నది, ఎందుకంటే అవి స్వరాన్ని దగ్గరలోని స్థిరస్థానానికి లాగుతాయి. గమకమంటేనే స్వరం స్థిరంగా నిలవకపోవడం కాబట్టి, అజాగ్రత్తగా వాడితే తోడి రాగపు గాంధారం తప్పుగా పాడినట్టు ‘దిద్దబడుతుంది’. గొంతు నమూనాల నుంచి పాడని పాటను పుట్టించే కృత్రిమమేధ పరికరాలు ఇంకొక అడుగు ముందుకు వేసి, పోలికను పరిపూర్ణం చేస్తూ అధీనతను శూన్యం చేస్తాయి. మరణించిన గాయకుని గొంతుతో కొత్త భక్తిగీతం విడుదల చేసేవారు భక్తిని ఎవరికి ఆపాదిస్తున్నారో తేల్చి చెప్పగలగాలి.

ఈ వాదానికి ఒక గట్టి ఆక్షేపం ఉన్నది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ప్రతిబింబం బింబానికి అధీనమన్న నియమం ధ్వనిముద్రణ చరిత్రలో చాలాసార్లు తలకిందులయింది. 1902లో ముద్రణ నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాటలను కొమ్ముబూరలోకి పాడించి ముద్రించిననాడు, గంటసేపు విస్తరించగల రాగం సుమారు మూడు నిమిషాల రికార్డులో ఇమడవలసి వచ్చింది. ఆ ఇమిడిక తరువాతి గాయకులకు పాట పరిమాణమయింది. 1925 ప్రాంతంలో విద్యుత్ మైకు వచ్చాక గట్టిగా పాడనక్కర లేకపోవడంతో, మెల్లని గొంతుల శైలి ఒకటి పుట్టింది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడగా 1963లో విడుదలైన వేంకటేశ సుప్రభాతం ఎన్నో ఇళ్ళలో ఆ స్తోత్రానికి ఏకైక వరుసగా స్థిరపడి, చదివేవారు ఆ విరామాల దగ్గరనే ఊపిరి తీసుకొంటున్నారు. బింబమే ప్రతిబింబాన్ని అనుకరించడం మొదలుపెట్టిందన్నమాట. వేదాంతపు ఉపమానం ఇక్కడికి వచ్చేసరికి చాలదు, ఎందుకంటే ఈశ్వరుడు జీవుణ్ణి చూసి మారడు, గాయకుడు మాత్రం రికార్డును విని మారతాడు. ఊరి భజనలో ఒక పదానికి ఉన్న నాలుగు వరుసల్లో ఒకదానిని ముద్రించి అందరి ఫోన్లలోకి పంపిన విద్యార్థి, తెలియకుండానే మిగిలిన మూడింటికి ముగింపు రాసి ఉండవచ్చు. దాసుల పదం ఊరూరా వేర్వేరుగా బతకడానికి ముద్రణ లేకపోవడం ఒక కారణమని ఒప్పుకొనక తప్పదు. నాలుగు వరుసలనూ ముద్రించడం, ఏ వరుస ఎవరిది, ఏ మైకు ఎక్కడ నిలిపి పట్టినది, అతుకులు ఉన్నాయా లేవా అన్న వివరాన్ని ఫైలుతోపాటే రాసి ఉంచడం దీనికి పూర్తి పరిహారం కాకపోయినా, చేతనైన పరిహారం.

ఇక గాయకుడు స్వయంగా ఏమనుకొంటాడన్నది మిగిలి ఉన్నది. తొలిసారి తన ముద్రణను విన్న ప్రతి మనిషీ అది తన గొంతు కాదంటాడు, దానికి కారణం తెలిసినదే: పాడేవాడు తన గొంతును గాలి ద్వారానే కాక పుర్రె ఎముకల గుండా కూడా వింటాడు, ఆ దారిన మంద్రధ్వనులు ఎక్కువగా చేరతాయి గనుక తన గొంతు తనకు నిండుగా తోస్తుంది. ఆ నిండుదనం మరెవ్వరికీ వినబడదు, ఏ మైకుకూ అందదు. పాట దేవునికి నివేదన అయినప్పుడు, లోపలి ఆ గొంతే దేవుడు వినేది అని భక్తుడు అనుకొంటే కాదనగల తర్కం లేదు. కాబట్టి ‘నా గొంతును ఇంకొంచెం బరువుగా చేయి’ అని భజనగాయకుడు అడిగినప్పుడు, అతడు అబద్ధం అడుగుతున్నాడని భావించకుండా, ఈక్వలైజరులో మంద్రభాగాన్ని కొద్దిగా పెంచి ఇవ్వడంలో విద్యార్థికి సంకోచం ఉండనక్కర లేదు. అదే గాయకుడు తాను తప్పిన తాళాన్ని దిద్దమని అడిగితే, దిద్దడం కంటె మళ్ళీ పాడించడం సరైనది. ఆ రోజుకు గొంతు సహకరించకపోతే, ఫ్యాను మళ్ళీ వేసి, తప్పిన తాళంతోనే ముద్రణను ఉంచుకొని, బృందం మరొక శనివారం కూడినప్పుడు మైకులను అదే చోట నిలపడానికి నేల మీద గుర్తులు పెట్టుకోవచ్చు.